తక్కువ సొమ్ముతో మంచి మంగలికత్తి: ఐదు నెలల నా అనుభవం

జనవరి 7వ తేదీన మంగలికత్తి కొనాలని నిశ్చయించుకున్నాను. ఆ కత్తితో ముఖమంతా భయం లేకుండా గీసుకోగలిగిన రోజు మే 19. ఈ మధ్య కాలంలో కత్తి చేతపట్టిన రోజుల కన్నా, పార్సిల్ కోసమో, అమ్మేవాళ్ల జవాబు కోసమో, సాన పట్టడం పూర్తయ్యే తేదీ కోసమో ఎదురుచూసిన రోజులే ఎక్కువ. కొద్దిపాటి సొమ్ముతో ఈ పనికి పూనుకునేవారికి ఎక్కడ ఎంత కాలం పడుతుందో, డబ్బు ఎక్కడ వృథా అవుతుందో ముందే తెలియాలని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ధరలు చోటును బట్టి, కాలాన్ని బట్టి మారతాయి గనుక, నేను పక్కన పెట్టుకున్న మొత్తాన్ని వంద భాగాలుగా లెక్కగట్టి, దేనికి ఎన్ని భాగాలు ఖర్చయ్యాయో చెబుతాను.

నాకు ఈ ఆలోచన రావడానికి కారణం నా మెడ. దవడ కింద వెంట్రుకలు వంకర తిరిగి మళ్లీ చర్మంలోకే దిగుతాయి, దిగిన చోటల్లా ఎర్రగా పొక్కు లేస్తుంది. వరసగా మూడు నాలుగు బ్లేళ్లు ఉండే రేజరు వాడిన పన్నెండేళ్లూ ఈ పొక్కులు నన్ను వదలలేదు. ఆ రేజరు వెంట్రుకను చర్మం మట్టానికి దిగువన కోస్తుందని, ఒకే వాదరతో, అంటే ఒకే కోత అంచుతో, మట్టంగా గీసుకుంటే వెంట్రుక మళ్లీ లోపలికి దిగే అవకాశం తగ్గుతుందని తెలిసిన తరువాత, మొదట సగం బ్లేడు బిగించుకునే షావెట్ కొందామనుకున్నాను. ఒక స్నేహితుడి షావెట్‌తో రెండుసార్లు ప్రయత్నించాను. అది మరీ తేలిక; కొత్త బ్లేడు అంచు ఎంత చిన్న పొరపాటునూ మన్నించదు. సానబట్టిన అసలు కత్తికి ఉండే బరువు, నిదానం దానిలో లేవు. అక్కడితో ఆ ఆలోచన మానుకున్నాను.

రెండు వారాలు చదివి, జనవరి 21న మొదటి కత్తికి డబ్బు కట్టాను. ఇరవై భాగాలు. ఫొటోలో అది చాలా అందంగా ఉంది: అద్దంలా మెరిసే ఉక్కు, కత్తి మీద లతలు చెక్కిన నగిషీ, నిగనిగలాడే ముదురు చెక్క పిడి, కింద ‘గీసుకోవడానికి సిద్ధం’ అన్న మాట. ఆరు రోజులకు చేతికి వచ్చింది. పెట్టె తెరిచినప్పుడు కలిగిన సంతోషం మరునాడు ఉదయం దాకా ఉంది. జనవరి 28న సబ్బు నురగ రాసుకుని కుడి చెంప మీద పెట్టి గీస్తే, కత్తి వెంట్రుకను కోయలేదు, పట్టి లాగింది. రెండోసారి లాగినప్పుడు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా చేతికి రాని పని అయి ఉంటుందని ఆ రోజంతా బాధపడ్డాను.

లోపం చేతిలో ఎంతో, కత్తిలో ఎంతో తేల్చుకోవడానికి ఆ సాయంత్రం ఒక గాజు పలక మీద కత్తిని పడుకోబెట్టాను. ఈ పరీక్షను మీరు తప్పకుండా చేయండి, పైసా ఖర్చు లేదు. మంగలికత్తిని బల్లపరుపుగా పడుకోబెడితే ఒక పక్క వెన్ను, మరో పక్క వాదర, రెండూ ఈ చివర నుంచి ఆ చివర దాకా గాజును తాకాలి. నా కత్తి మడమ, అంటే పిడి వైపు చివర, దగ్గర, మొన దగ్గర తాకి నడుమ లేచి ఉంది. తిరగేసి పెడితే నడుమ తాకి రెండు చివరలు లేచాయి, వేలితో మొనను నొక్కితే టక్కున ఊగింది. అంటే కత్తి వంకర పోయింది. తరువాత ఒక కాలిపర్ అడిగి తెచ్చుకుని కొలిచాను. వెడల్పు 16 మిల్లీమీటర్లు, వెన్ను మందం 6.2 మిల్లీమీటర్లు.

ఈ రెండు అంకెల విలువ నాకు అప్పటిదాకా తెలియదు. మంగలికత్తిని సాన పట్టేటప్పుడు వెన్నునూ వాదరనూ కలిపి రాతి మీద ఆనించి నూరతారు; కాబట్టి వాదర ఎంత కోణంలో వస్తుందో మన చేతి నేర్పు కన్నా ముందు వెన్ను మందమే నిర్ణయిస్తుంది. 16 మిల్లీమీటర్ల వెడల్పుకు 4.5 మిల్లీమీటర్ల వెన్ను ఉంటే కోణం సుమారు 16 డిగ్రీలు వస్తుంది, గడ్డానికి అది సరిపోతుంది. నా చేతిలో ఉన్నదానికి లెక్క వేస్తే 22 డిగ్రీలు దాటింది. అంత మొద్దు కోణాన్ని ఎవరు ఎంత నూరినా గడ్డం మీద సుఖంగా నడవదు. ఆ రాత్రి నాకు దక్కిన ఊరట ఇది: చేయి రావలసిన మాట నిజమే అయినా, ఆ కత్తితో అది ఎన్నటికీ వచ్చేది కాదు.

అమ్మినవారికి ఫొటోలతో సహా రాశాను. వాడిన వస్తువును వెనక్కి తీసుకోబోమన్నారు. గాజు మీద ఊగుతున్న వీడియో పంపాను. నాలుగు రోజులు జవాబు లేదు. మళ్లీ రాస్తే, వంకర చేతిపనిలో సహజమన్నారు. ఇలా పన్నెండు రోజుల పాటు ఉత్తరాలు నడిచాక, కత్తిని తిప్పి పంపితే ఇరవైలో పన్నెండు భాగాలు ఇస్తామని ఒప్పుకున్నారు. పంపడానికి మరో రెండు భాగాలు అయ్యాయి. ఫిబ్రవరి 14న డబ్బు వచ్చేసరికి నెల గడిచింది, పది భాగాలు పోయాయి, చేతిలో కత్తి లేదు. గీసుకోక ముందే గాజు పరీక్ష చేసి ఉంటే మొత్తం తిరిగి వచ్చేదేమో. ఈ మాట ఇప్పటికీ మనసులో మెదులుతూ ఉంటుంది.

అప్పుడు పేరున్న కొత్త కత్తుల వైపు చూశాను. జర్మనీలోని జోలింగెన్‌లో డోవో, ఫ్రాన్స్‌లోని తియేర్‌లో తియేర్ ఇసార్ అనే సంస్థలు ఇంకా తయారుచేస్తున్నాయి, వాటి నాణ్యత మీద నాకు సందేహం లేదు. కానీ వాటిలో నేను చూసిన సాదా రకమే నా వంద భాగాలకు పది మించింది. పైగా కొత్త కత్తికి కూడా పదును నిలబెట్టడానికి దాన్ని తిప్పుతూ రుద్దే తోలు పట్టీ కొనాలి, చాలా సందర్భాల్లో మళ్లీ ఒకసారి సాన పట్టించాలి. కత్తికే సొమ్మంతా పెట్టి, దాన్ని పదునుగా ఉంచే సాధనాలకు ఏమీ మిగలకపోతే రెండు వారాల్లో అది అలంకారంగా మిగిలిపోతుంది. అందుకని ఫిబ్రవరి మూడో వారంలో పాత కత్తి కొందామన్న నిర్ణయానికి వచ్చాను. సేఫ్టీ రేజరు వ్యాపించక ముందు రోజూ గడ్డం చేసుకునే ప్రతి ఇంట్లోనూ ఇలాంటి కత్తి ఉండేది గనుక, మంచి ఉక్కుతో చేసిన పాతవి ఇప్పటికీ పుష్కలంగా అమ్మకానికి వస్తున్నాయి. ఉక్కు పాతబడినంత మాత్రాన చెడదు, తుప్పు వల్ల, మొరటు చేతుల వల్ల చెడుతుంది.

వెతకడానికి మూడు వారాలకు పైగా పట్టింది. ముప్పై ఒక్క కత్తులు చూశాను. తొమ్మిదింటికి అదనపు ఫొటోలు అడిగాను, ఆరుగురు పంపారు. నేను అడిగినవి ఇవి: రెండు పక్కలా బల్లపరుపుగా తీసినవి, వాదరను వెలుతురుకు ఎదురుగా పట్టి తీసింది, వెన్నును పై నుంచి తీసింది, మూసిన కత్తిని పై నుంచి తీసింది. ఫొటో పంపడానికి విసుక్కున్నవారి దగ్గర కొనకూడదని ఆ మొదటి దెబ్బతోనే నిర్ణయించుకున్నాను.

వదిలేసిన కత్తులు నాకు కొన్నదాని కన్నా ఎక్కువ నేర్పాయి. ఒకదాని వెన్ను మీద రాతికి ఆని అరిగిన చదును దాదాపు మూడు మిల్లీమీటర్ల వెడల్పుంది, అదీ మొన వైపు ఎక్కువ, మడమ వైపు తక్కువ. ఎవరో ఏళ్ల తరబడి ఒకే వైపు బరువు వేసి నూరారు. సన్నగా, సమంగా ఉండే గీతలాంటి అరుగుదల తప్పు కాదు, అది వాడకానికి గుర్తు. మరొకదాని వాదర నడుమ లోపలికి వంగి ఉంది. వాదర తిన్నగా ఉండవచ్చు, చిరునవ్వులా కొద్దిగా బయటికి వంగి ఉన్నా పనికి వస్తుంది, కానీ నడుమ లోపలికి పోతే రాతి మీద ఆ భాగం ఆనదు. సరిచేయాలంటే చాలా ఉక్కు అరగదీయాలి. మూడోదానికి మడమ దగ్గర వెంట్రుకంత పగులు ఉంది. ఫొటోను పెద్దది చేసి చూస్తే తప్ప కనబడలేదు.

నాలుగోది చూసి చాలా మోజు పడ్డాను. తాబేటి చిప్పలాంటి గోధుమరంగు పిడి, మంచి పేరు. కానీ పిడిలోపల దాగే భాగంలో మాత్రమే, పిడి తాకే మేర అచ్చు గుద్దినట్టు, దట్టంగా తుప్పు పట్టి ఉంది. అడగగా తెలిసింది, ఆ పిడి సెల్యులాయిడ్. పాతబడిన సెల్యులాయిడ్ కొన్నిసార్లు కుళ్లడం మొదలుపెట్టి ఆమ్లపు ఆవిరి వదులుతుంది, అది దానిలో మూసి ఉన్న ఉక్కును తినేస్తుంది. పైగా అలాంటి పిడి ఉన్న కత్తిని మిగతా కత్తులతో ఒకే పెట్టెలో ఉంచితే వాటికీ ప్రమాదమే. పై పై తుప్పు మచ్చలకు భయపడనక్కర లేదు, తుడిస్తే పోతాయి. వాదరకు రెండు మిల్లీమీటర్ల లోపు నల్లటి గుంటలు ఉంటే మాత్రం వదిలేయండి; నూరుతూ నూరుతూ వాదర ఆ గుంట దాకా వచ్చిన రోజున అంచు పొడిపొడిగా రాలిపోతుంది.

ఐదోది అద్దంలా మెరుస్తోంది. దాని మెడ, అంటే వాదరకూ పిడికీ నడుమ ఉండే సన్నని భాగం, మీద గుద్దిన అక్షరాల అంచులు మాత్రం మైనం కరిగినట్టు మొండిగా ఉన్నాయి. యంత్రం మీద గట్టిగా మెరుగు పెట్టినప్పుడు అక్షరాలు అలా అవుతాయి, ఆ పనిలో పలుచటి వాదర వేడెక్కి ఉక్కు తన గట్టిదనం పోగొట్టుకునే ప్రమాదం ఉంది. మెరుపు లేని పాత కత్తికి ఈ భయం ఉండదు. మెరుపు చూసి ఒకసారి మోసపోయి ఉన్నాను గనుక ఇది వదులుకోవడం కష్టం కాలేదు.

మార్చి 9న కొన్నది ఫొటోలు వచ్చినవాటిలో ఆరో కత్తి. 5/8 వెడల్పు, ఈ కత్తుల వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతులుగా చెబుతారు, మొదటిసారి కొనేవారికి 5/8 గానీ 6/8 గానీ చేతికి అనువుగా ఉంటాయి. ఫుల్ హాలో, అంటే రెండు పక్కలా లోపలికి గుల్లగా తీసి వాదర దగ్గర చాలా పలుచగా వదిలిన రకం. మొన గుండ్రం. పలకగా ఉన్న మొన మీసం అంచులకు బాగుంటుందంటారు గానీ, అలవాటు లేని చేతిలో అది మొదట చెవినో దవడనో గుచ్చుతుంది, అందుకే గుండ్రం కోరుకున్నాను. పిడి నల్లగా, ఏ అలంకారం లేకుండా ఉంది. మెడకు ఒక పక్క జోలింగెన్ అని, రెండో పక్క జర్మనీ అని ముద్ర. జోలింగెన్ పేరును అక్కడ తయారైన కత్తులకే వాడాలని జర్మనీలో 1938 నుంచి చట్టం ఉంది. దేశం పేరు ముద్ర వేయడం మరో కథ: అమెరికాకు దిగుమతి అయ్యే సరుకు మీద అది తయారైన దేశం పేరు ఉండాలని 1890 నాటి సుంకాల చట్టం పెట్టిన నిబంధన 1891లో అమలులోకి వచ్చింది, అందువల్ల జర్మనీ అన్న మాట ఉన్న కత్తులు దాదాపుగా ఆ తరువాతివి. నా కత్తి వయసును అంతకన్నా దగ్గరగా తేల్చే ఆధారం నా దగ్గర లేదు. ముద్ర పుట్టిన చోటు మాత్రమే చెబుతుంది, ఇప్పటి ఆరోగ్యం చెప్పదు. నేను వదిలేసిన ఐదింట్లో మూడింటి మీద కూడా జోలింగెన్ అనే ఉంది. దీనికి నలభై ఐదు భాగాలు.

అమ్మిన ఆయనను కొనేముందు ఒక ప్రశ్న అడిగాను: దీన్ని చివరగా ఎవరు, ఏ రాయి మీద నూరారు? ఆయన నిజాయితీగా, ‘నేను శుభ్రం చేశానంతే, ఇది గీసుకోవడానికి సిద్ధంగా లేదు, ఎవరిచేతనైనా సాన పట్టించుకోండి’ అని రాశారు. నాకు ఆ కత్తి మీద నమ్మకం కుదిరింది ఆ వాక్యంతోనే.

మార్చి 18న, తొమ్మిది రోజులకు, పార్సిల్ వచ్చింది. మందపాటి నూనె కాగితంలో చుట్టి ఉంది. విప్పుతుంటే పాత కుట్టుమిషను సొరుగు తెరిచినప్పటి వాసన. కత్తి పక్కన ఏదో అక్షరాలు చెక్కి ఉండేవి, కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే రెండు అక్షరాల నీడ తెలుస్తోంది తప్ప తక్కినదంతా చేతుల్లో అరిగిపోయింది. ముందు గాజు పలక మీద పెట్టాను, ఎటు తిప్పినా ఊగలేదు. వెన్ను 4.5 మిల్లీమీటర్లు. మూస్తే సరిగ్గా పిడి నడుమకు దిగింది. తరువాత, మెడ దగ్గర పట్టుకుని, వాదరను తాకకుండా కత్తి పక్కను గోటితో మీటాను. సన్నని గంటలా ఒక్క క్షణం మోగి ఆగింది. పగులు ఉన్న కత్తి బొంగురుగా పలుకుతుంది. ఆ చిన్న మోత విన్నాక, రెండు నెలల్లో మొదటిసారి, సరైన వస్తువు నా చేతికి వచ్చిందని నిశ్చింతగా నిద్రపోయాను.

సాన పట్టడం నేనే నేర్చుకోవాలా అన్న ప్రశ్న దగ్గర చాలామంది తడబడతారు, నేనూ తడబడ్డాను. మొదట వాదర ఏర్పరచడానికి 1000 నంబరు రాయి, తరువాత 4000, 8000, చివర మెరుగుకు 12000. ఇవన్నీ కొంటే నా మొత్తం కన్నా ఎక్కువ. పైగా సరైన వాదర ముఖం మీద ఎలా ఉంటుందో ఎరగనివాడు, తను నూరిన వాదర సరైనదో కాదో ఎలా చెప్పగలడు? మొదటిసారి అనుభవం ఉన్నవారి చేతికే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. పోను రాను ఖర్చుతో కలిపి పద్నాలుగు భాగాలు. మార్చి 20న పంపాను. ఆయన దగ్గర అప్పటికే వరసలో కత్తులు ఉండడంతో పదహారు రోజులు పట్టింది.

ఆ పదహారు రోజులు ఊరికే కూర్చోలేదు. మార్చి 26న తోలు పట్టీ వచ్చింది. ఇరవై భాగాలు. ముందు పక్క తోలు, వెనుక మందపాటి గుడ్డ. ఇక్కడ ఒక మాట: మొదటి పట్టీ ఖరీదైనది కొనకండి, కారణం తరువాత వస్తుంది. అంచు లేని, వెన్న రాసుకునే కత్తిని పట్టుకుని రోజూ రాత్రి పది నిమిషాలు సాధన చేశాను. పట్టీ మీద వెన్ను ముందు నడవాలి, వాదర వెనుక రావాలి, చివరకు వచ్చాక కత్తిని వెన్ను మీద దొర్లించి తిప్పాలి. చదివితే ఒక్క వాక్యం. చేతికి రావడానికి వారం పట్టింది.

ఏప్రిల్ 5న కత్తి తిరిగి వచ్చింది, దానితో పాటు చేతిరాతతో చిన్న చీటీ. వెన్నుకు ఒక పొర టేపు అంటించి నూరానని, మడమ దగ్గర వాదర ఇంతకాలం రాతికి ఆనలేదని, దాన్ని ఇప్పుడు సరిచేశానని ఆయన రాశారు. చివర కింద గీత గీసి, ‘మొదటిసారి గీసుకునే ముందు పట్టీ మీద తిప్పవద్దు. నా పదును ఎలా ఉందో ముందు తెలుసుకోండి, తరువాత చెడితే అది పట్టీ వల్లనని మీకే అర్థమవుతుంది’ అని ఉంది. ఆ చీటీ విలువ నెల తరువాత తెలిసింది. భూతద్దంతో చూస్తే వాదర పొడవునా ఒకే వెడల్పులో తెల్లని దారంలాంటి అంచు. చేతి మీద వెంట్రుకలకు చర్మానికి పైగా ఆనిస్తే అవి చప్పుడు లేకుండా తెగి పడ్డాయి.

మరునాడు, ఏప్రిల్ 6న, మొదటి గడ్డం. వేడినీళ్ల స్నానం చేసి, నురగ రెండుసార్లు బాగా పట్టించాను. చేయి వణుకుతోందని గమనించి ఒక నిమిషం ఆగాను. ఎడమ చేత్తో చెంపను చెవి వైపు బిగలాగి, వెన్నుకూ చర్మానికీ మధ్య రెండు వెన్నుల మందం ఎడం ఉండేలా పెట్టి, వెంట్రుక మొలిచిన దిశలోనే కిందికి లాగాను. సన్నగా గరగరమనే చప్పుడు వచ్చింది, పలుచటి ఉక్కు ఆ చప్పుడును పెంచి వినిపిస్తుంది. లాగుడు లేదు, మంట లేదు. నురగ పోయిన మేర చర్మం నున్నగా ఉంది. జనవరిలో నా కళ్లల్లో నీళ్లు తెప్పించిన చెంప అదే. ఆ రోజు రెండు చెంపలు మాత్రమే గీసి, తక్కినది పాత రేజరుతో ముగించాను. నలభై నిమిషాలు పట్టింది. ఎడమ దవడ మూలన మొన తగిలి చిన్న గాటు పడింది, పటిక రుద్దితే రెండు నిమిషాల్లో ఆగింది. ఎడమ పక్కకు ఎడమ చేత్తో గీయాలా, కుడి చేతినే ముఖానికి అడ్డంగా తేవాలా అన్నది ఎవరి వీలు వారిది. నేను రెండో వారంలో ఎడమ చేతికి మారాను, అద్దంలో చేయి అడ్డు రాకుండా పోయింది.

ఏప్రిల్ 9న పట్టీ కోసుకుంది. తొందరలో చివర దగ్గర కత్తిని వెన్ను మీద కాక వాదర మీద తిప్పాను, తోలులోకి అర అంగుళం దిగింది. ఇంత సాధన తరువాత కూడా జరిగినందుకు చాలా దిగులు పడ్డాను. లేచిన పొరను రబ్బరు జిగురుతో అంటించి, ఆరాక సన్నని గరుకు కాగితంతో చదును చేస్తే మళ్లీ పనికి వచ్చింది. కొత్తవారిలో చాలామంది మొదటి పట్టీకి ఇలాగే గాటు పెడతారు, ఖరీదైనది వద్దన్నది అందుకే.

వారానికో భాగం చొప్పున ముందుకు వెళ్లాను: చెంపలు, పై పెదవి, దవడ అంచు, ఆఖరున గడ్డం బొడిపె, మెడ. పై పెదవి అనుకున్నంత కష్టం కాలేదు. గడ్డం బొడిపె దగ్గర మాత్రం చర్మాన్ని అన్ని వైపులా బిగలాగడం తెలియక మూడు వారాలు గాట్లు పడ్డాయి.

మే 2 నాటికి కత్తి మళ్లీ లాగడం మొదలుపెట్టింది. జనవరి భయం తిరిగి వచ్చింది. మళ్లీ సాన పట్టించడానికి నా దగ్గర భాగాలు లేవు. చీటీ తీసి చదివాను. మొదటి రోజు పదును ఎలా ఉందో నాకు గుర్తుంది గనుక, చెడింది కత్తి కాదని, నా పట్టీ పని అని గ్రహించాను. పట్టీని వదులుగా పట్టుకుని, మీద గట్టిగా నొక్కుతున్నాను. సాగిన తోలు వాదర చుట్టూ వంగి దాన్ని మొద్దు చేస్తుంది. సాన పట్టిన ఆయనకు రాస్తే, బాల్సా చెక్క ముక్కకు క్రోమియం ఆక్సైడ్ పచ్చటి ముద్దను పలుచగా పూసి, కత్తి సొంత బరువు తప్ప మరే ఒత్తిడీ లేకుండా పది పన్నెండు సార్లు తిప్పమన్నారు. ఆ రెండింటికీ ఆరు భాగాలు. మే 9న వచ్చాయి, మే 10న గీసుకుంటే పదును ముప్పావు వంతు తిరిగి వచ్చింది, రెండోసారి తిప్పాక పూర్తిగా. అప్పటి నుంచి పట్టీని బిగువుగా లాగి పట్టుకుని, గుడ్డ మీద ముప్పై, తోలు మీద యాభై చొప్పున మెల్లగా తిప్పుతున్నాను.

మే 19న మెడతో సహా ముఖమంతా ఒక్క గాటు లేకుండా పూర్తయింది. ఇరవై రెండు నిమిషాలు.

తుప్పు విషయం కూడా చెప్పాలి. ఈ ఉక్కు స్టెయిన్‌లెస్ కాదు. ఒక రాత్రి కత్తిని స్నానాలగదిలో వదిలేస్తే పొద్దున మెడ దగ్గర ఆవగింజంత ఎర్రటి చుక్క కనిపించింది. లోహానికి మెరుగు పెట్టే ముద్దతో రుద్దితే పోయింది. ఇప్పుడు వాడగానే కడిగి, పొడి గుడ్డతో వెన్ను నుంచి వాదర వైపు తుడిచి, పిడి మడత లోపలికి కాగితపు మొన దూర్చి తడి తీస్తాను. సన్నగా మినరల్ ఆయిల్ రాసి గదిలోని బీరువాలో ఉంచుతాను. పటిక, నూనె కలిపి మూడు భాగాలు. బ్రష్షు, సబ్బు నా దగ్గర ముందే ఉన్నాయి.

లెక్క చూస్తే, మొదటి కత్తి మీద పోయినవి పది, పాత కత్తి నలభై ఐదు, సాన పద్నాలుగు, పట్టీ ఇరవై, చెక్క, ముద్ద ఆరు, చిల్లర మూడు. మొత్తం తొంభై ఎనిమిది. మొదటి పదీ పోకుండా ఉంటే ఎనభై ఎనిమిదితో అయ్యేది.

ఇది రాస్తున్నది జూన్ రెండో వారంలో. దవడ కింద ఎప్పుడూ ఉండే పొక్కుల్లో మూడు పూర్తిగా అణిగాయి, కంఠం ఎడమ పక్కన ఒకటి మాత్రం ఇంకా వేలికి తగులుతోంది. అక్కడ వెంట్రుకలు అడ్డంగా మొలుస్తాయని ఈ కత్తి పట్టాకే గమనించాను, ఇప్పుడు ఆ రెండు వేళ్ల మేర మాత్రం చెవి వైపు నుంచి పక్కకు గీస్తున్నాను. చీటీని మడిచి కత్తి పెట్టె మూత లోపల అంటించాను; బాల్సా మీద తిప్పినా పదును తిరిగి రాని రోజున పంపమని ఆయన రాసిన చిరునామా దాని మీదే ఉంది.